ముక్కులారీ తాగిన రాత్రి

మెకానిక్ షెడ్ల వీధిలో చీకటి పడ్డాక ఎవరూ అడుగుపెట్టని చోటు ఒకటుంది. వీధి చివర పెద్ద రేకుల షెడ్డు, దాని మధ్యలో ఒక గుంత. లారీ కిందికి దిగి పని చేసుకోవడానికి మనిషి లోతున తవ్వి సిమెంటు చేసిన గుంత. పగలు అందులో నిలబడి మెకానిక్కులు పాటలు పాడుకుంటూ నట్లు బిగిస్తారు. రాత్రి మాత్రం... అటు తల తిప్పి కూడా చూడరు.

ఎప్పుడో ఒక మెకానిక్ ఆ గుంతలో నిలబడి, పైకి చెయ్యి చాపి, "పద్నాలుగో నంబరు స్పానర్ ఇవ్వు" అన్నాడట. ఇవ్వాల్సిన మనిషి టీకి వెళ్ళాడు. టీ దగ్గర కబుర్లలో పడ్డాడు. తిరిగొచ్చేసరికి మెకానిక్ గుండె ఆగిపోయింది... చాపిన చెయ్యి మాత్రం చాపినట్టే ఉంది.

అప్పట్నుంచీ రాత్రిళ్ళు గుంతలోంచి ఒక చెయ్యి పైకి లేస్తుందని, "పద్నాలుగు ఉందా...?" అని అడుగుతుందని చెప్పుకుంటారు. లేదంటే, లేదన్నందుకు పట్టుకుంటుంది. ఉందంటే, ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదని పట్టుకుంటుంది. మాట్లాడకుండా నిలబడితే, పొగరనుకుని పట్టుకుంటుంది.

ఏం చెప్పినా తప్పే. ఇల్లరికపుటల్లుడి బతుకూ ఇంచుమించు అంతే కాబట్టి, ఆ దెయ్యం సంగతి విన్నప్పుడల్లా అల్లుడికి భయంతో పాటు కాస్త చుట్టరికం కూడా తోచేది.

అల్లుడంటే ఆ వీధికంతటికీ అల్లుడే. అత్తగారింటికి వచ్చి ఏడేళ్ళయింది. అత్తయ్య పిలిచే పిలుపే టీకొట్టువాడికీ పాకింది, టైర్లవాడికీ పాకింది, ఆఖరికి పోస్టుమాన్‌కీ పాకింది. అసలు పేరు అతనికే అప్పుడప్పుడు గుర్తు చేసుకోవాల్సి వచ్చేది.

ఇల్లు అత్తయ్యది. కిరాయిలు మాట్లాడి లారీకి లోడు కుదిర్చేది భార్య. బావమరిది పార్సెల్ ఆఫీసులో గుమాస్తా, నున్నగా దువ్విన తల, పాలిష్ బూట్లు, ప్రతిదానికీ ఒక లెక్చరు. వీళ్ళందరి మధ్యా అల్లుడికి ఉన్న విలువ ఒక్కటే — ముక్కులారీ అతని మాట వింటుంది. ఇంకెవరి మాటా వినదు.

ముందు ఏనుగు తొండమంత బానెట్టు పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ అది. పోయిన మామగారు కొన్నది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ ఫొటోలు తీసుకుంటారు. దాన్ని స్టార్టు చెయ్యాలంటే యాక్సిలేటర్ మీద రెండుసార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా తొక్కాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు ఎక్కడ మారుతుందో విని, సరిగ్గా అక్కడ గేరు దించాలి. బావమరిది ఒకసారి "దీంట్లో ఏముంది?" అని ఎక్కి కూర్చుంటే, ఇంటి గేటు దాటకుండా పదకొండుసార్లు ఆగిపోయింది. ఆ పూట అల్లుడికి అన్నంలో నెయ్యి ఎక్కువ పడింది.

అలాంటి ఇంజను అరిగిపోయింది. వెనకాల బండ్లకి దారి కనపడనంత పొగ. డీజిల్ కన్నా ఆయిల్ ఎక్కువ తాగుతోంది. లోడుతో ఎత్తు ఎక్కమంటే సగంలో ఆగి ఆయాసపడుతోంది.

దాన్ని తీసుకెళ్ళి గుంత షెడ్డులో పెట్టారు. ఆ షెడ్డు చెవి మేస్త్రిది. ఇంజనుకి కర్ర ఒక కొస ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని రోగం చెప్పేస్తాడు కాబట్టి ఆ పేరు. ఆయన కూడా సాయంత్రం ఆరు కొట్టగానే షెడ్డు వదిలి వెళ్ళిపోతాడు. దెయ్యానికి భయపడి కాదట, మోకాళ్ళ నొప్పట.

కర్ర చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు మేస్త్రి. తర్వాత కుటుంబాన్నంతా వరసలో నిలబెట్టి చెప్పాడు.

"రింగులు, పిస్టన్లు పోయాయి. అవి పోతే పోయాయి, ఎక్కడో వెతికి వేద్దాం. లోపల తిరిగే ఇరుసు, ఆ క్రాంక్ సంగతే తేలాలి. ఇప్పటికే మూడుసార్లు సాన పట్టించారు. ఇంకోసారి పట్టాలంటే ఇనుం లేదు. రేపు పొద్దున స్టార్టు చేసి, బాగా వేడెక్కనిచ్చి, ఆయిల్ మీటరు చూద్దాం. ముల్లు రెండో గీత మీద నిలబడిందా, క్రాంక్ బాగున్నట్టు. విప్పి రిపేరు చేద్దాం. పడిపోయిందా... దీన్ని దించేసి ఇంకో ఇంజను ఎక్కిద్దాం. నాదగ్గర మొహమాటాల్లేవు."

రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో సభ జరిగింది.

"ముల్లూ వద్దు, గీతా వద్దు. మార్చేద్దాం," అన్నాడు బావమరిది. "కొత్త ఇంజనైతే చిన్నపిల్లాడు కూడా నడుపుతాడు."

ఆ మాట అల్లుడి గొంతులో ముద్దకి అడ్డం పడింది. చిన్నపిల్లాడు కూడా నడిపే బండికి అల్లుడెందుకు? రేపట్నుంచి ఇంట్లో తన పనేంటి? కూరగాయల సంచీ మోయడమా?

"నాకూ మార్చడమే నయమనిపిస్తోంది," అంది భార్య, ఎవరి మొహమూ చూడకుండా.

"ఆ పొగ పీల్చి పీల్చి నా సగం జీవితం అయిపోయింది. పారెయ్యండి," అంది అత్తయ్య.

అందరూ అల్లుడి వైపు చూశారు. రిపేరు చేద్దామంటే, సొంత పదవి కోసం అంటున్నాడనుకుంటారు. అందుకని అందరికన్నా గట్టిగా, "మార్చాల్సిందే! నేనే అందామనుకుంటున్నా!" అన్నాడు. అని, చెయ్యి కడుక్కుని, మేడ మీదికెళ్ళి, పక్క మీద బోర్లా పడుకుని, ఏడుపు ఆపుకోలేక కొంచెం ఏడ్చాడు.

ఏడుపు అయ్యాక మామగారు గుర్తొచ్చారు. ఒకసారి ఇద్దరూ ఎత్తు మీద ఆగిపోయినప్పుడు ఆయన చెప్పిన రహస్యం గుర్తొచ్చింది.

"ముసలి ఇంజనుకి నీరసమొస్తే గేరుబాక్సులో పోసే చిక్కటి ఆయిల్ ఒక డబ్బా పట్టించాలి, అల్లుడూ. ఒక్క పూట పడుచుపిల్లలా తిరుగుతుంది. ముల్లు నిక్కబొడుచుకుంటుంది. దొంగ వైద్యమే అనుకో... నీకొక్కడికే చెబుతున్నాను. మనింట్లో పురుగుక్కూడా తెలియకూడదు."

ఒక్క పూట చాలు. రేపు పొద్దున ముల్లు ఒక్క గంట నిలబడితే చాలు.

కాకపోతే ఆ ఆయిల్ పొయ్యాల్సింది ఇవాళ రాత్రి. గుంత షెడ్డులో.

ఇల్లు సద్దుమణిగేదాకా మేడ మీద కళ్ళు తెరుచుకునే పడుకున్నాడు. కింద అత్తయ్య గదిలో అత్తయ్యా, భార్యా. ముందు గదిలో బావమరిది. అంతా నిశ్శబ్దం. బయటి మెట్ల మీదుగా దిగి, రెండు లీటర్ల డబ్బా ఒక చేత్తో, గరాటా ఇంకో చేత్తో, గుండెలు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియక, బయల్దేరాడు.

వీధి పొడవునా షట్టర్లు మూసి ఉన్నాయి. ఎక్కడో ఒక రేకు గాలికి కిర్రుమంది... ఆగింది... మళ్ళీ కిర్రుమంది. విప్పేసిన ఒక లారీ క్యాబిన్ హెడ్‌లైట్లు లేని బొక్కల్లోంచి అతన్నే చూస్తున్నట్టుంది. అల్లుడు దానికి దణ్ణం పెట్టాడు. దేనికి పెట్టాలో తెలియనప్పుడు అన్నిటికీ పెట్టేస్తే పోతుందని అతని లెక్క.

షెడ్డు తలుపు తీగ ముడి విప్పి ఉంది. మేస్త్రి మర్చిపోయి ఉంటాడనుకున్నాడు. అనుకోకపోతే అక్కణ్ణుంచే వెనక్కి పరిగెత్తాల్సి వచ్చేది.

రేకు చిల్లుల్లోంచి వెన్నెల చుక్కలు చుక్కలుగా పడుతోంది. గుంత మీద ముక్కులారీ నిద్రపోతున్నట్టుంది. అల్లుడు బంపరెక్కి, బానెట్టు ఎత్తి, ఆయిల్ మూత మీద చెయ్యి వేశాడు.

మూత వదులుగా ఉంది.

చుట్టూ తడి. వేళ్ళకి చిక్కగా, జిగటగా అంటుకుంది. ఇప్పుడే ఎవరో నోరు తుడుచుకున్నట్టు...

"ఏమీ లేదు. ఏమీ లేదు," అని తనకి తానే గుసగుసగా చెప్పుకుని, గరాటా పెట్టి డబ్బా వంచాడు. చిక్కటి ఆయిల్ కాబట్టి అదేం తొందరపడలేదు. గుడ్... గుడ్... గుడ్... అంటూ తీరిగ్గా దిగింది. ఆఖరి చుక్క దిగేసరికి అల్లుడి చొక్కా చెమటకి తడిసిపోయింది.

మూత బిగించాడు. బానెట్టు దించాడు. ఒక కాలు కింద పెట్టాడు.

తలుపు కదిలింది.

ఎలా ఎక్కాడో తెలియదు — క్యాబిన్లో సీటు మీద అడ్డంగా పడి ఉన్నాడు, తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని. బయట అడుగుల చప్పుడు. చాలా మెత్తగా. బంపర్ మీద ఏదో ఎక్కింది. లారీ కొంచెం వంగింది. బానెట్టు కిర్రుమని లేచి, అద్దానికి అడ్డంగా నిలబడింది. దాని వెనక ఏముందో కనపడదు. వినపడుతుంది.

గుడ్... గుడ్... గుడ్... గుడ్...

తాగుతోంది! దెయ్యం ఆయిల్ తాగుతోంది!

అంతలో ఒక గొంతు వినిపించింది. మెత్తటి గొంతు, లాలిపాడే గొంతు.

"తాగు... మా తల్లివి కదూ... మెల్లగా తాగు..."

అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక దెయ్యం కాదు, రెండు! ఒకటి తాగిస్తోంది, ఇంకోటి తాగుతోంది. సంసారమే పెట్టేశాయి ఇక్కడ!

చప్పుడు ఆగింది. బానెట్టు దిగింది. అడుగులు తలుపు దాకా వెళ్ళి, వీధిలో కలిసిపోయాయి. వంద లెక్కపెట్టాడు. నమ్మకం చాలక ఇంకో వంద లెక్కపెట్టాడు. మెల్లగా తలుపు తీసుకుని కిందికి దిగి, రెండడుగులు వేశాడో లేదో...

మళ్ళీ తలుపు!

ఈసారి క్యాబిన్ ఎక్కే తీరిక లేదు. దాక్కోవడానికి ఎదురుగా ఉన్నది ఒక్కటే. ఊళ్ళో ఏ మనిషీ రాత్రిపూట దిగని చోటు. అల్లుడు కళ్ళు మూసుకుని గుంతలోకి దూకేశాడు. వెనక దెయ్యం, కింద దెయ్యం ఉన్నప్పుడు కనీసం కింద ఉన్నది తెలిసిన దెయ్యం.

మూలకి నక్కి పైకి చూశాడు. గుంత అంచున రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని విన్నాడు. ఇవి వెనక్కి లేవు... పక్కలకి తిరిగి ఉన్నాయి! ఎడమది ఎడమకి, కుడిది కుడికి! ఇదేదో కొత్త రకం.

పాదాలు బంపరెక్కాయి. మళ్ళీ బానెట్టు. మళ్ళీ గుడ్... గుడ్... గుడ్...

ఠంగ్!

ఏదో జారి గుంతలో పడింది. దొర్లుకుంటూ, దొర్లుకుంటూ వచ్చి, అల్లుడి కాలి బొటనవేలికి తగిలి ఆగింది. ఆయిల్ డబ్బా మూత.

పైన గుడ్... గుడ్... ఆగింది. తర్వాత, చీకట్లో తెల్లగా, ఐదు వేళ్ళూ విప్పుకుని... ఒక చెయ్యి గుంతలోకి దిగింది.

అటు తడిమింది. ఇటు తడిమింది. ఇంకొంచెం కిందికి వచ్చింది. అల్లుడు గోడలోకి దూరిపోవాలని చూశాడు, గోడ ఒప్పుకోలేదు. చెయ్యి అతని ముక్కుకి జానెడు దూరంలో ఆడుతోంది. ఇంకాస్త తడిమితే మొహమే దొరుకుతుంది.

దానికి కావాల్సింది ఇచ్చేస్తే వెళ్ళిపోతుంది కదా! ఆ క్షణంలో అతనికి తట్టిన తెలివి అదొక్కటే. వంగి మూత తీశాడు. మర్యాదగా ఆ చేతిలో పెట్టాడు.

చెయ్యి మూతని పట్టుకుంది.

ఆగింది.

ఆలోచించింది.

"అమ్మోయ్...!" అని పైనుంచి ఒక కేక.

"అత్తయ్యోయ్...!" అని కిందినుంచి ఒక కేక.

పక్కలకి తిరిగిన పాదాలు ముందు తలుపులోంచీ, అల్లుడు వెనక చిరిగిన రేకులోంచీ, ఎవరి దారిన వాళ్ళు దూసుకుపోయారు. మేడ మీద పక్క మీద పడ్డాక చూసుకుంటే చేతిలో ఖాళీ డబ్బా ఉంది, గరాటా ఉంది, ఒక చెప్పు మాత్రం లేదు.

పొద్దున్నే అందరూ షెడ్డుకి చేరారు. భార్య ఆవులిస్తోంది. బావమరిది మెడకి మఫ్లర్ చుట్టుకుని, జ్వరమన్నాడు. అత్తయ్య ఒక్కతే నిబ్బరంగా ఉంది. మేస్త్రి కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి, మోకాళ్ళ నొప్పితో నిద్ర లేదన్నాడు.

స్టార్టు చేసేముందు ఆయిల్ పుల్ల లాగి మట్టం చూడనిదే ఏ ఇంజనూ ముట్టుకోని మనిషి మేస్త్రి. ఆ రోజు పుల్ల జోలికి పోలేదు. పోనందుకు అల్లుడు మనసులోనే ఆయనకి దణ్ణం పెట్టుకున్నాడు.

"ఊఁ, కానివ్వు," అన్నాడు మేస్త్రి.

రెండుసార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా. ముక్కులారీ లేచింది. పొగలేదు. దడదడలేదు. ముల్లు ఒకటో గీత దాటింది, రెండో గీత దాటింది, అక్కడా ఆగకుండా ఆఖరి గీతకి పోయి కూర్చుంది.

అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడి, పెదాలు బిగించుకుని, ఎవరి సంతోషాన్ని వాళ్ళు దాచుకున్నారు. పారెయ్యమన్న అత్తయ్య మొహం కూడా ఎందుకో వెలిగిపోతోంది.

"వేడెక్కనివ్వండి," అన్నాడు మేస్త్రి. అల్లుడు క్యాబిన్లోంచి దిగొచ్చి అందరితో పాటు నిలబడ్డాడు.

పావుగంట గడిచింది. ఇంజను గొంతు మారింది. యాక్సిలేటర్ మీద ఎవరి కాలూ లేదు, అయినా చప్పుడు పెరుగుతోంది. ఇంకా పెరిగింది. సైలెన్సర్లోంచి తెల్లటి పొగ బుస్సున వచ్చి షెడ్డంతా కమ్మేసింది.

"ఆపు! ఆపు!" అని అరుస్తూ మేస్త్రే వెళ్ళి ఇంజను ఆపే తీగ లాగాడు. ఆగలేదు. ఇంకోసారి లాగాడు. తీగ చేతిలోకి వచ్చింది, ఇంజను రానంది.

"డీజిల్ పైపు విప్పాలి! పద్నాలుగు! పద్నాలుగు ఇవ్వండి!"

గుంత పక్కన, పొగలో, చెయ్యి చాపి పద్నాలుగు అడుగుతున్న మనిషిని చూసి బావమరిది ఉన్నచోటే కూలబడ్డాడు. భార్యే స్పానర్ వెతికి విసిరింది. మేస్త్రి పైపు విప్పేశాడు. డీజిల్ నేల మీద కారిపోయింది. ఇంజనుకి ఇక చుక్క అందదు.

అయినా తిరుగుతోంది. ఇంకా జోరుగా. రేకులు అదిరిపోతున్నాయి. వీధి వీధంతా వచ్చి తలుపు దగ్గర మూగింది.

"డీజిల్ లేకుండా తిరుగుతోందిరా!"

"పట్టేసింది! పట్టపగలే పట్టేసింది!"

మూగినవాళ్ళంతా మూగినంత వేగంగా పరుగు తీశారు. మేస్త్రి వెనక్కి వెనక్కి వెళ్తూ, "దూరం జరగండి! పగిలిపోతుంది!" అని కేకలు పెడుతున్నాడు.

అల్లుడికి అప్పుడు దెయ్యం గుర్తు రాలేదు. ఆ గొంతు ఒక్కటే వినపడుతోంది. ఎత్తు మీద ఊపిరందక అరిచే గొంతు అతనికి తెలుసు, ఇది అంతకన్నా ఘోరంగా ఉంది. ఏడేళ్ళు తనని నిలబెట్టిన ప్రాణి కళ్ళముందే చచ్చిపోతోంది. పొగలోకి దూకి క్యాబిన్ ఎక్కాడు. ఎడమ కాలు క్లచ్చి మీద, కుడి కాలు బ్రేకు మీద, ఒళ్ళు బరువంతా వేసి నిలబడి, గేరు కరకరమన్నా వినకుండా టాప్‌లోకి తోసేశాడు.

"చాలు తల్లీ, చాలు," అని, ఒక్కసారిగా క్లచ్చి వదిలేశాడు.

లారీ అడుగు ముందుకి ఎగిరింది. నిలువెల్లా వణికింది. గుభిక్ అని ఒక్క దగ్గు దగ్గి... ఆగిపోయింది.

చెవుల్లో ఈల తప్ప ఏమీ లేదు. పొగలోంచి అత్తయ్య గొంతు వినిపించింది, ఏడుస్తూ. "బాబూ! బతికున్నావా?"

"ఉన్నానత్తయ్యా."

"బండి పోతే పోయింది. నువ్వు దిగు నాయనా, ముందు నువ్వు దిగు!"

దిగాడు. బంపర్ మీద కూర్చున్నాడు. భార్య పరుగున వచ్చి, వీధిలో ఎవరు చూస్తున్నారన్నది కూడా మర్చిపోయి, అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మేస్త్రి గుంతలోకి దిగి, ఇంజను అడుగు బిరడా విప్పి బకెట్ పెట్టాడు. బకెట్ నిండింది. ఇంకో బకెట్ పెట్టాడు. అదీ నిండింది. పన్నెండు లీటర్లు పట్టే ఇంజను, కాల్చేసుకున్నది పోగా, ఇరవై ఒకటి కక్కింది.

"దెయ్యం కాదు, భూతం కాదు," అన్నాడు మేస్త్రి కిందినుంచే. "ఆయిల్ పొంగిపోయి, అరిగిన రింగుల సందుల్లోంచి పైకెక్కింది. దాన్నే తాగి తిరిగింది. తన ఆయిల్ తనే తాగే ఇంజన్ని డీజిల్ ఆపితే ఆగుతుందా? ఇంత ఎవరు పోశారు?"

తప్పించుకునే దారి లేదు. "నేనే," అన్నాడు అల్లుడు, తల వంచుకుని. "ఒక డబ్బా. దీన్ని దించేస్తే ఇంట్లో నాకేం పని ఉంటుందని... రాత్రి వచ్చి పోశాను. చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుందని మామగారు నాకొక్కడికే చెప్పారు."

"మీకొక్కరికా?" అంది భార్య, చెయ్యి వదిలేసి. "నాన్న నాకొక్కదానికే చెప్పారు! పైకి అలా అన్నానే గానీ, మనసొప్పక నేనూ పోశాను."

అల్లుడు నోరు తెరిచాడు. "అయితే... మా తల్లివి కదూ, మెల్లగా తాగు, అన్నది..."

"నేనే. మీరెక్కడ విన్నారు?"

పెళ్ళాం గొంతు గుర్తుపట్టలేదా అని నవ్వకండి. ఏడేళ్ళుగా ఆ గొంతులో అతను లోడు వివరాలూ, చీవాట్లూ తప్ప ఇంకేమీ వినలేదు. అంత మెత్తదనం దాంట్లో ఉందని ఎలా తెలుస్తుంది?

కూలబడ్డ చోటునుంచి బావమరిది మూలిగాడు. "నాన్న నాకొక్కడికే అన్నారే... లెక్కకి మార్చేద్దామన్నాను గానీ, నాన్న బండి కదా బావా, నేనూ పోశాను. చీకట్లో బూట్లు కూడా ఎడం కుడి మార్చి తొడుక్కుని వచ్చాను. కానీ ఆ గుంతలో చెయ్యి ఉంది బావా! నిజంగా ఉంది! మూత పడిపోతే తీసి నా చేతికిచ్చింది!"

"ఆ చెయ్యి నాది," అన్నాడు అల్లుడు.

బావమరిది అతన్ని చూశాడు. ఆ చేతినీ చూశాడు. జ్వరం అక్కడికక్కడే దిగిపోయింది. "మరి చెప్పొచ్చు కదా బావా!"

"ఏమని చెప్పను? నీ పాదాలు చూసి నాకు మాట పడిపోతే!"

అత్తయ్య పక్కకి తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

"ఏం చూస్తారు? నాకు చెప్పరా ఆయన? అందరికన్నా ముందు నాకే చెప్పారు. చెప్పులు కుట్టించుకొస్తానని సాయంత్రమే వెళ్ళి పోసొచ్చాను."

"పారెయ్యమన్నావు కదమ్మా!" అన్నాడు బావమరిది.

"మీరంతా మార్చేద్దామంటుంటే నేను అడ్డం పడనా? అల్లుడు ఆ ముసలిదానితో ఎత్తులెక్కించలేక నడుం పోగొట్టుకుంటున్నాడని ఊరుకున్నాను." అత్తయ్య అల్లుడి వైపు తిరిగింది. "పనేం ఉంటుందంటావా? పిచ్చివాడా! ఆయన పోయాక ఈ ఇంటికి పెద్దదిక్కు ఎవరనుకుంటున్నావు, ఆ ఇనపముద్దా?"

అల్లుడికి కళ్ళు చెమర్చాయి. పొగ వల్లేనని చెప్పాడు, ఎవరూ నమ్మలేదు.

గుంతలో మేస్త్రి అడుగు తొట్టి దించి, టార్చి వేసి, బేరింగులు విప్పి, క్రాంకుని వేలితో తడుముతున్నాడు. పైన నలుగురూ వంగి చూస్తున్నారు. చాలాసేపటికి ఆయన తల ఎత్తాడు.

"అంత తిరుగుడు తిరిగాక, పాడైన క్రాంకైతే ఈపాటికి ఇంజను పొట్ట చీల్చుకుని బయటికొచ్చేది. గీత కూడా పడలేదు. అద్దంలా ఉంది. రింగులు, పిస్టన్లు, బేరింగులు మారుద్దాం. ఇంజను ఇదే."

అత్తయ్య రెండు చేతులూ జోడించింది. బావమరిది అల్లుణ్ణి వాటేసుకుని, పాలిష్ బూట్లతో ఆయిల్లోనే గెంతాడు. భార్య నవ్వుతూ బకెట్ల పక్కన కూర్చుండిపోయింది. కూర్చున్న ఆవిడ, వాటి వంక చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది.

"ఏమండీ... మనం నలుగురం. తలా రెండు లీటర్లు. ఎనిమిది. పన్నెండూ ఎనిమిదీ ఇరవై కదా? బోలెడంత పొగైపోయాక కూడా ఇరవై ఒకటి ఎలా వచ్చింది?"

గెంతులు ఆగిపోయాయి.

ఇంకో డబ్బా. ఐదోది. ఎవరిది?

నలుగురి చూపులూ ఒకేసారి గుంతలోకి వెళ్ళాయి. కింద టార్చి ఆరిపోయింది. చీకట్లోంచి మెల్లగా... నల్లగా, ఆయిల్ కారుతూ... ఒక చెయ్యి పైకి లేచింది.

"అరవకండి," అంది గుంతలోంచి గుసగుస. "వీధిలో వింటే నా పరువు పోతుంది. నేను మొట్టమొదట విప్పిన ఇంజను ఇది. పెద్దాయన నాకొక్కడికే చెప్పాడనుకున్నాను."

ఆ చేతిలో ఒక మీటరుంది. బండిలో ఉన్నదాని లాంటిదే, కొంచెం తుప్పు పట్టింది. దాని ముల్లు రెండో గీత మీద బిగుసుకుపోయి ఉంది. అల్లుడు తీసుకుని ఊపి చూశాడు. తలకిందులు చేసి చూశాడు. ముల్లు కదల్లేదు.

"డబ్బా చాలకపోతే అది బిగిద్దామని తెచ్చాను," అన్నాడు మేస్త్రి.